ఊరుకోవడం

రాత్రి రెండున్నరకి పదకొండో గది గంట మోగింది.
సీట్స్‌కె ముసలమ్మ
నైట్‌గౌను మీద చలికోటు తొడుక్కుని నిలబడి ఉంది.
తాళాలు ఇమ్మంటుంది.
తూము దగ్గర పడవ ఆగిందట, తలుపు ఎత్తాలట.

ఇక్కడికి పడవలు రావు.
కిటికీ అవతల సముద్రపు కట్ట,
కట్ట అవతల ఫ్రీస్‌లాండ్ బురద,
పోటు వెనక్కి తగ్గి
పిట్టల కాళ్ళ గుర్తులకి వదిలేసిన బురద.

కమోడ్ గిన్నె తీస్తే
మూత్రం మబ్బుగా ఉంది.
వాసన, చెప్పక్కర్లేదు.

నా చెయ్యి నన్నడక్కుండా సొరుగు దగ్గరికి పోయింది.
పన్నెండేళ్ళ అలవాటు దానిది:
రంగు మారితే పట్టీ ముంచు,
పట్టీ మారితే ల్యాబుకి పంపు,
ల్యాబు ఏ పేరు రాసి పంపితే
ఆ పేరుకో మాత్ర.

సొరుగులో పట్టీలు లేవు.
పోయిన చలికాలమే తీసేశాం,
వైబ్రెన్ తర్వాత.

వైబ్రెన్‌కి జ్వరం లేదు. మంట లేదు.
వెన్నపూస డెయిరీలో నలభై ఏళ్ళు నిలబడ్డ మనిషి,
"వాసనొస్తోంది" అని కోడలంటే
పట్టీ ముంచింది నేనే.
వారం రోజులు మాత్రలు.
మూడోవారం నుంచి విరేచనాలు,
ఒక్క రాత్రి తొమ్మిది దుప్పట్లు మార్చాను.
మాత్రలు మూత్రంలోవాటినే కాదు,
పేగుల్లో కాపలా ఉన్నవాటినీ ఊడ్చేశాయట.
"అంతకు ముందు నాకేం జబ్బమ్మా?"
అని అడిగాడొకసారి.
అరిచి ఉంటే బాగుండేది. మెల్లిగా అడిగాడు.
మళ్ళీ మంచం దిగలేదు.

తర్వాత డాక్టర్ యెల్కె మమ్మల్నందర్నీ
వంటగదిలో కూర్చోబెట్టి చెప్పింది:
ఈ ఇంట్లో ఆడవాళ్ళలో
సగానికి సగం మందికి ఉంటాయవి,
అద్దెకున్నవాళ్ళలా, చప్పుడు చెయ్యకుండా.
గొడవ చేసినప్పుడు పిలవండి:
చలిజ్వరం, మంట, నడుం పక్కన పోటు.
ఊరికే తలుపు తట్టి
ఎవరున్నారని అడక్కండి.
ఎవరో ఒకరు పలుకుతారు.

విన్నాను. తలూపాను.
తలకి తెలిసింది చేతికి చేరడానికి
ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో.

జ్వరం చూశాను, లేదు.
పొత్తికడుపు నొక్కాను, ముఖం చిట్లించలేదు.
"మంటగా ఉందా?" అన్నాను.
"పంటా? బీట్‌దుంపలు ఇంకా తియ్యలేదు" అంది.

అప్పుడు చూశాను ఆమె చెవివైపు.

పట్టీలుండే సొరుగులో ఇప్పుడు
గుండీలు, దువ్వెనలు, వినికిడి మిషను బ్యాటరీలు.
ఒకటి మార్చాను.
చిన్న కీచు. ఆమె కళ్ళు నామీదికి తిరిగాయి.
"ఎందుకంత అరుస్తున్నావు, ఆఫ్కె?"

రెండు గ్లాసుల నీళ్ళు తాగింది.
ఒకటి నాకోసం, అంది.
గంటకోసారి వచ్చి చూశాను.
నిజం చెప్పాలంటే అరగంటకోసారి.
ఏమీ చెయ్యకుండా ఉండడం
ఇంత నడకని ఎవరూ చెప్పలేదు.

నాలుగింటికి ఇంకా మేలుకునే ఉంది.
తూము సంగతి చెప్పింది:
"నీళ్ళు పెరిగినప్పుడల్లా తలుపెత్తమని
రైతులు పరిగెత్తుకొచ్చేవాళ్ళు.
ఎత్తానొకసారి, కొత్తలో.
సముద్రం లోపలికొచ్చింది.
రెండేళ్ళు ఆ పొలాల్లో గడ్డి మొలవలేదు."
కాసేపాగి,
"కొన్ని నీళ్ళు వాటంతటవే తగ్గుతాయి.
కాకపోతే అక్కడే నిలబడి చూస్తుండాలి."

పొద్దున కూతురు రిక్స్ట్ ఫోన్.
"వాసన వస్తోందా? ఏమిచ్చారు?"
నీళ్ళిచ్చాం, బ్యాటరీ మార్చాం, చూస్తున్నాం,
జ్వరమొస్తే ఆ క్షణమే డాక్టర్‌ని పిలుస్తాం.
"అంటే ఏమీ చెయ్యలేదన్నమాట."
ఆ మాట నాకు తగిలింది.
తగలనిచ్చాను.

డ్యూటీ దిగే ముందు కాగితం నింపాలి.
రంగుకి గడి ఉంది, వాసనకి గడి ఉంది.
మూత్రం మబ్బుగా ఉంది, అని రాశాను.
మనిషి తేటగా ఉంది
అనడానికి గడి లేదు.
అంచు మీద రాశాను, చిన్న అక్షరాల్లో,
పక్కకి తిప్పి చదువుకునేలా.